అలికిన నేల మీద అడుగు

ఏక్‌బాల్‌పూర్‌లో మా కార్పొరేషన్ క్వార్టర్ల లైనుకు ఒకటే దారి ఉండేది. అటూ ఇటూ గదులు, మధ్యలో సన్నటి నడవ. ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకు అతుక్కుని నిలబడాలి. ఆ నడవ చివర అడ్డంగా గోడ. ఆ గోడను ఆనుకునే మా గది. ఎదురు తలుపు ఒక ముసలాయనది. మేం బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా ఆయన గుమ్మం దాటాల్సిందే. మా గదికి వెనక ఒక కిటికీ ఉండేది గానీ, దానికి ఊచలు, ఊచల అవతల ఇంకో గోడ. గాలి కూడా ఆ ముసలాయన గుమ్మం మీదుగానే మాకు వచ్చేది.

ఆ ఒక్క గదిలో అయిదుగురం ఉండేవాళ్ళం. మా అత్త, మా ఆయన, నేను, అప్పుడే నడక వచ్చిన నా కూతురు, మా మరిది. అన్నదమ్ములిద్దరిదీ రోడ్లు ఊడ్చే పని. మరిదికి ఉద్యోగం ఖాయమై ఎంతో కాలం కాలేదు. హౌరా వైపు మనవాళ్ళ పిల్లను చూశాం. పిల్ల తల్లి మా గదంతా ఒకసారి కలయజూసి, వేరే గది దొరికినాక కబురు చెయ్యండి అని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేమీ లేదు. కొత్త పెళ్ళికూతుర్ని ఏ మూల పడుకోబెడతామో మాకే తెలియదు.

ఎదురు ముసలాయన మా శ్రీకాకుళం వైపు మనిషే. మురుగు కాలువల్లో దిగి పని చేసి రిటైరయ్యాడు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. గది ఖాళీ చెయ్యాల్సి ఉన్నా ఎక్కడికి పోతాడులే అని అందరూ ఊరుకున్నారు. మా మరిది ఒక్కడే ఊరుకోలేకపోయాడు. వాడికి ఆ గది మీద కన్ను పడింది. ఒక గురువారం సాయంత్రం కొళాయి దగ్గర అందరూ వింటుండగా అననే అన్నాడు.

"ఏటి తాతా, సచ్చినాక కూడా ఆ తాళంచెవి మొలతాడుకే కట్టుకుపోతావేటి?"

ముసలాయన బిందె దించకుండానే జవాబిచ్చాడు. "నా పాడెకి తెచ్చిన ఎదుర్లు మిగిల్తే నీ పెళ్ళిపందిరికి ఏసుకోరా నాయనా, దాసుంచుతాను."

కొళాయి దగ్గరున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. మరిది కూడా చివరికి నవ్వేశాడు. తెల్లారేసరికి ఆ ముసలాయన చనిపోతాడనీ, అప్పుడు ఆ నవ్వు ఎవరికీ గుర్తుండదనీ, ఆ మాటొక్కటే గుర్తుంటుందనీ మాకేం తెలుసు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నడవంతా సిమెంటే గానీ మా కొస మాత్రం నేను కాపురానికి రాక ముందే పగిలి లేచిపోయింది. అడుగున తడిమట్టి. ఎవరికి చెప్పుకున్నా బాగు చెయ్యలేదు. అందుకని నేను గంగమట్టి తెచ్చి, దగ్గర్లో గేదెలను కట్టేసే ఖటాల్ నుంచి పేడ తెచ్చి, రెండూ కలిపి మా గుమ్మం ముందు అలికేదాన్ని. ఏళ్ళ తరబడి పొర మీద పొర పడి ఆ మేర నేల మిగతా నడవ కంటే కాస్త ఎత్తు తేలింది. ఎండాకాలం అయితే గడియలో ఆరేది. వానాకాలం ముసురులో తెల్లారినా ఆరేది కాదు. తడి నేల తొక్కితే నా కష్టమంతా పోతుంది కదా. అందుకే గోడ వారగా ఇటుకలు పేర్చాను. మా ఇంట్లో ఎవరు నడిచినా ఆ ఇటుకల మీదే నడవాలి. నా కూతురు కూడా చెయ్యి పట్టుకుని ఇటుకల మీదే నడక నేర్చింది. రేపు శుక్రవారం కదా అని నేను ఆ గురువారం మధ్యాహ్నం అలికాను. సాయంత్రం కొళాయి దగ్గర్నుంచి వచ్చాక, గదులకూ నడవకూ కలిపి కప్పిన రేకుల మీద ఒకటే వాన. పక్కన పడుకున్న మనిషి మాట కూడా వినపడనంత చప్పుడు.

వేకువన అన్నదమ్ములిద్దరూ చీకట్లోనే ఇటుకల మీంచి నడిచి డ్యూటీకి వెళ్ళిపోయారు. వెలుగొచ్చాక మా అత్త కొళాయికి పోదామని తలుపు తీసి అక్కడే ఆగిపోయింది. ఎదురు తలుపు కింది సందులోంచి నెత్తురు బయటికి వచ్చి సిమెంటు మీద చారగా ఉంది. ఆమె పిలిస్తే పక్క గది ఆవిడ వచ్చి తలుపు తోసింది. ముసలాయన గుమ్మం లోపలే బోర్లా పడి ఉన్నాడు. తల పగిలింది. ఎప్పుడు పోయాడో ఏమో, ఒళ్ళు చల్లబడిపోయింది.

ఆడవాళ్ళంతా చేరారు. ఏడ్పులు అయ్యాయి. ఒకావిడ వీధి చివర ఎర్రజెండా కట్టిన యూనియన్ ఆఫీసుకు పరిగెత్తింది, అక్కడ మేం దాదాలని పిలిచే లీడర్లు పోలీసులకు చెబుతారని. ఈలోపు మనవాళ్ళు చేసే పని మొదలైంది. పక్కింట్లో చావు జరిగితే ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచుకోము కదా. మైల అంటుతుంది. బిందెల్లో కుండల్లో ఉన్న నీళ్ళన్నీ పారబోసి, కడుక్కుని, మళ్ళీ కొత్త నీళ్ళు పట్టుకోవాలి. మొదటి గది నుంచి వరసగా ఒక్కొక్కరే బిందెలు తెచ్చి నడవలో వంచేశారు. నడవ వాలు మా వైపుకే. ముసలాయన గుమ్మం ముందున్న నెత్తురు చార కరిగి పోయింది. ఎవరెవరు ఎటు నడిచారో ఆ జాడలన్నీ కొట్టుకుపోయాయి. మేం అలికిన మేర ఎత్తుగా ఉంది కాబట్టి నీళ్ళు దాన్ని చుట్టి పక్కనున్న తూములో పడ్డాయి. మా అత్త కూడా మా కుండ ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే పోలీసులు వచ్చారు. ముందొక కానిస్టేబులు, వెనక ఒక బెంగాలీ ఎస్సై, అక్కడ దరోగాబాబు అంటారు. తడి నడవను ఆయన ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. తర్వాత నెమ్మదిగానే అన్నాడు, మీరందరూ కలిసి సగం కేసు కడిగేశారు అని. చావు జరిగితే నీళ్ళు పారబోయకుండా ఉండడం ఎలాగో మాకు తెలియదు, పారబోస్తే ఏమవుతుందో కూడా తెలియదు.

ఆయన టార్చిలైటు తీసి కిందికి వంగాడు. పైనుంచి వెయ్యకుండా దాదాపు నేలకు ఆనించి పక్కవాటుగా వేశాడు. వెలుతురు మా అలుకు మీద పరుచుకుంది. అప్పుడు కనబడ్డాయి నాకు. పక్కపక్కన రెండు అడుగులు, బూట్లవి. ఒకటి అడ్డగోడ వైపు తిరిగి ఉంది, రెండోది వెనక్కి తిరిగి ఉంది. మడమ దగ్గర మేకుల గుర్తులు గుంటలు పడి ఉన్నాయి. తలుపు తీసి ఇంతసేపూ నిలబడ్డా మాకు నెత్తురు తప్ప ఇంకేమీ కనబడలేదు.

మీ ఇంట్లో బూట్లు ఎవరివని అడిగాడు. ఎవరికీ లేవన్నాను. ఆ ఇటుకలు ఎందుకని అడిగాడు. నాకు వచ్చిన బెంగాలీలో చెప్పాను. ఆయన ఇటుకలను చూశాడు, అడ్డగోడను చూశాడు, మళ్ళీ అడుగులను చూశాడు. ఇటు దారి లేదని తెలియని మనిషి అన్నమాట, అని తనలో తానే అనుకున్నాడు. వెంటనే కానిస్టేబులు చేత మా గుమ్మానికి అడ్డంగా తాడు కట్టించాడు. పెద్దాఫీసు నుంచి ఫొటోల మనిషి, అచ్చు తీసే మనిషి వచ్చేదాకా ఈ గదిలోంచి ఎవరూ బయట కాలు పెట్టకూడదు, ఒక్క చుక్క నీరు బయట పడకూడదు అని చెప్పి, మా అత్త చేతిలోని కుండ వైపు వేలు చూపించాడు.

అలా మేం ముగ్గురం లోపల ఉండిపోయాం.

నడవ మీది రేకుల సందులోంచి వాన నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. అవి అడుగుల మీద పడితే చెరిగిపోతాయని కానిస్టేబులు ఏదైనా గిన్నె ఇమ్మన్నాడు. అన్నం వండే గిన్నె అందించాను. రెండో అడుగుకు ఇంకోటి కావాలన్నాడు. పాప స్నానం బేసిను ఇచ్చాను. వాటిని అంచులు తగలకుండా బోర్లించాడు. మా అత్త గొణిగింది, శవం ముందు బోర్లించిన గిన్నెలో ఇంకేం వండుతాం, అది పోయినట్టే అని.

కాసేపటికి మా ఆయన వచ్చాడు. నడవ మొదట్లోనే ఆపేశారు. అక్కణ్ణుంచే అరిచి చెప్పాడు. మరిదిని డ్యూటీ దగ్గర్నుంచే తీసుకుపోయారట. కొళాయి దగ్గర అన్న మాట ఎవరో చెప్పారు. చెప్పినవాళ్ళకు కక్ష ఏమీ లేదు. దరోగా అడిగితే నిన్న సాయంత్రం జరిగింది జరిగినట్టు చెప్పారు, నవ్వు సంగతి మాత్రం చెప్పలేదు. వాడు రాత్రంతా మా పక్కనే పడుకున్నాడని మా ఆయన చెబితే, ఇంటివాళ్ళు అలాగే చెబుతారు అన్నారట. యూనియన్ దాదా దగ్గరకు వెళితే, పోలీసుల పని పోలీసులను చెయ్యనీ అన్నాడట.

మా అత్త తాడు దగ్గరకు వెళ్ళి నిలబడింది. ఆమె కొడుకు స్టేషన్లో ఉన్నాడు. ఆ స్టేషన్ మా వీధి దాటి రెండు మలుపుల్లోనే. గుమ్మం దాటే వీలు లేదు. దాటితే ముందు పడే అడుగు ఆ గిన్నెల పక్కనే పడుతుంది.

"అత్తా," అన్నాను, "ఇటుకల మీంచి ఎలిపోగలవు నువ్వు. కానీ ఎల్లకు. మనోడిది కాదని సెప్పడానికి ఆ అడుగులు తప్ప మనకింకేటీ నేదు."

ఆమె తాడు వదిలి లోపలికి వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి ఆమె కళ్ళు ఆ రెండు గిన్నెల మీదే. ఎలుక పరుగెత్తినా తుళ్ళిపడేది. ఈగను తోలినట్టు గుమ్మంలోంచే విసనకర్రతో గాలిలో కొట్టేది.

ఆ రోజు ఎంత పొడుగ్గా గడిచిందో చెప్పలేను. కరెంటు పోయింది. ఎదురు గుమ్మంలో ముసలాయన ఇంకా అలాగే ఉన్నాడు, ఆయన మీద గుడ్డ కప్పారు. తలుపు వేసుకుందామంటే, గాలికి కొట్టుకుంటుంది, వద్దన్నాడు కానిస్టేబులు. తెరిచి ఉంచితే ఆయన కాళ్ళు కనబడుతున్నాయి. పొయ్యి వెలిగించడానికి లేదు, చావు ఎదురుగా ఉంటే వండుకోము. మరుగుదొడ్డి లైను మొదట్లో. ఆడవాళ్ళం, ఎవరితో చెప్పుకుంటాం. మూల చీర అడ్డం కట్టి బూడిద డబ్బా పెట్టుకున్నాం. వాసన, ఉక్క, ఎదురుగా శవం. నాకు ఆ గదిలో అన్నాళ్ళున్నా ఊపిరాడనట్టు ఎప్పుడూ అనిపించలేదు. ఆ రోజు గోడలు దగ్గరకు జరుగుతున్నట్టే ఉంది.

అన్నిటికంటే ముందు దాహం. కుండ నిండా నీళ్ళు ఉన్నాయి. తాగడానికి లేదు, మైల నీళ్ళు. పారబొయ్యడానికి లేదు, దరోగా మాట. మా అత్త ఆ కుండ మీద మూత పెట్టి దానికి వీపు పెట్టి కూర్చుంది. పాప మొదట నీళ్ళు అడిగింది, తర్వాత ఏడ్చింది, తర్వాత ఏడుపు కూడా సన్నబడి మూలుగులా అయింది. పాలిద్దామంటే పాప మానేసి చాలా రోజులైంది. కానిస్టేబులుకు జాలి కలిగి, వదినను పిలిచినట్టు బౌదీ అని పిలిచి, నీళ్ళు తెప్పిస్తాను అన్నాడు గానీ కొళాయి వచ్చే వేళ అప్పటికే దాటిపోయింది. లైనులో అందరి బిందెలూ పొద్దుట బోర్లించినవే. వానా వెలిసిపోయింది, ఇక సాయంత్రం దాకా కొళాయి రాదు.

నేను ఏమీ అనలేదు. అంటే కోడలు మైల తాగించింది అని జన్మంతా మాట పడాలి. పాప పెదాలు ఎండిపోయి తెల్లగా అయ్యాయి. మా అత్త లేచింది. మూత తీసి గ్లాసు ముంచింది. ముందు తాను తాగింది, గ్లాసంతా. తర్వాత ముంచి పాప నోటికి పెట్టింది.

"మైలంతా నాకే తగలనీ," అంది. "ముసలిదాన్ని, మోస్తాను. నువ్వూ తాగు."

నేనూ తాగాను. ఎప్పుడూ తాగే నీళ్ళే. రుచి ఏం మారలేదు.

ఫొటోల మనిషి, అచ్చు మనిషి మధ్యాహ్నం దాటాక వచ్చారు. ముందు ముసలాయన గదిలో పని చూశారు. ఒకతను మెత్తటి కుంచెతో తలుపు మీద, చెంబు మీద నల్లటి పొడి అద్దుతూ పోయాడు. వేలిముద్రలు పైకి తేలుతుంటే మా పాప అటే చూస్తూ ఉండిపోయింది. చెంబును మెడ దగ్గర పట్టుకోకుండా రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని కాగితంలో చుట్టారు. నెత్తురంటిన గుడ్డ తడిగా ఉంటే వెంటనే మూట కట్టలేదు, ముందు నీడన ఆరనిచ్చారు. తడిదే కడితే కుళ్ళిపోయి పనికి రాదట. ప్రతిదానికీ విడివిడిగా పొట్లం, విడివిడిగా లక్క ముద్ర. కొవ్వొత్తి దగ్గర లక్క కరుగుతుంటే వచ్చే వాసన శవం వాసనతో కలిసిపోయింది. ఆ వాసన ఇప్పటికీ నాకు తెలుస్తుంది.

తర్వాత మా గిన్నెలు ఎత్తారు. రెండు అడుగులూ అలాగే ఉన్నాయి. మా అత్త చీర కొంగు నోట్లో కుక్కుకుంది. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీశారు. అచ్చు మనిషి ఒక అడుగు చుట్టూ రేకు ముక్క వంచి గట్టులా గుచ్చాడు. విరిగిన చేతులకు కట్టు కట్టే తెల్ల పొడి సంచిలోంచి తీశాడు. తీసి నీళ్ళు అడిగాడు.

నీళ్ళు లేవు. కూడా వచ్చిన మనిషిని పంపితే, కొళాయి రాలేదు, చేతిపంపు పాడై ఉంది అని తిరిగి వచ్చాడు. లైనంతా అడిగారు. అందరూ పారబోసేశారు. మేం ఒక్కళ్ళమే పారబోయలేకపోయాం.

మా అత్త కుండ ఎత్తుకుని గుమ్మం దగ్గరకు వచ్చింది. పొద్దుట పారబోద్దామని తెచ్చిన కుండే. ఒక్క చుక్క ఒలకకుండా చేతులు చాపి ఇచ్చింది. ఇవి మైల నీళ్ళు బాబూ, అని తెలుగులోనే చెప్పింది. నేను బెంగాలీలో చెప్పాను, చావు ఇంటి ఎదురు నీళ్ళు అని. అచ్చు మనిషి కుండలోకి వంగి మట్టి ఉందా లేదా అని మాత్రం చూసుకుని, మంచిదే మాషీమా అని, పిన్నిని పిలిచినట్టు పిలిచి అందుకున్నాడు.

ఆ పొడిని గరిటె జారుగా కలిపాడు. తిన్నగా పోస్తే అడుగు చెదిరిపోతుందని చెంచా అడ్డం పెట్టి, చెంచా మీంచి మెల్లగా జారవిడిచాడు. సగం నిండాక పుల్లలు అడ్డంగా వేసి పైన మళ్ళీ పోశాడు. ఇక అది గట్టిపడేదాకా కదలకుండా కూర్చున్నారు అందరూ. మా అత్త పెదాలు మాత్రం కదులుతూ ఉన్నాయి, ఏ దేవుణ్ణి పిలిచిందో. ఎత్తేసరికి తెల్లటి కాలు పైకి వచ్చింది, మడమలో మేకుల తలలతో సహా, అడుగున మా అలుకు పేడ అంటుకుని. రెండోదీ అలాగే తీశారు. మా గుమ్మం ముందు రెండు గుంటలు మిగిలాయి.

సాయంత్రానికి ముసలాయన్ని తీసుకుపోయారు. ఆయన తలుపుకు తాళం వేసి గుడ్డ చుట్టి లక్క ముద్ర వేశారు. కోర్టు చెప్పేదాకా తెరవకూడదన్నారు. ఆ తలుపు ఏళ్ళ తరబడి అలాగే ఉంది. ఓడల డాక్ వైపు నుంచి ఆ రాత్రే మొదటిసారి పేకాటకు ముసలాయన దగ్గరకు వచ్చిన ఒకతని బూట్లతో ఆ అచ్చు సరిపోయిందని తర్వాత తెలిసింది. కానీ కేసు నడుస్తున్నన్నాళ్ళూ గది మూసే ఉండాలట. మేం అయిదుగురం ఇటు, ఖాళీ గది అటు. లోపల ముసలాయన మంచం, పొయ్యి అన్నీ బూజు పట్టి ఉంటాయి. నా కూతురికి మాటలు వచ్చాక మేం నేర్పిన వాటిలో ఒకటి, ఆ ఎర్ర లక్క ముట్టుకోకూడదు అని. మరిది పెళ్ళి తర్వాత హౌరాలో అత్తవారి గదిలోనే కాపురం పెట్టాడు.

వాణ్ణి వదిలిన రోజు నాకు బాగా గుర్తు. అచ్చు తీసిన వెంటనే వదల్లేదు. వాడి కాళ్ళ కొలతలు తీశారు, తడి ఇసుకలో నడిపించారు, బూట్లు తొడిగి కూడా నడిపించారు. మా ఆయన రోజూ స్టేషన్ బయట నిలబడి వచ్చేవాడు. మా అత్త ఆ రెండు గుంటలూ పూడ్చనిచ్చేది కాదు. వాడు వచ్చేదాకా ఉండనీ అనేది. నేను ఆ మేర అలకడం మానేశాను.

ఒక మధ్యాహ్నం నడవ మొదట్లో వాడు కనబడ్డాడు. చిక్కిపోయాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. లైనులో వాళ్ళు తలుపుల దగ్గర నిలబడ్డారు, ఎవరూ పలకరించలేదు. వాడు లక్క వేసిన తలుపు దాకా వచ్చి తల వంచుకునే దాన్ని దాటాడు. నేల అంతా ఎండిపోయి ఉంది. అయినా వాడు ఆగి, గోడకు చెయ్యి ఆనించి, వాచిన కాళ్ళతో ఒక్కొక్క ఇటుక మీద అడుగు వేసుకుంటూ వచ్చాడు.

మా అత్త గుమ్మంలో నిలబడి అది చూసింది. వాడు దగ్గరకు వచ్చాక చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"ఆ గది మాట ఇంకెప్పుడూ ఎత్తకురా," అంది.

"ఎత్తనమ్మా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఒదినా, నీల్లున్నాయేటి?" అని అడిగాడు.

కుండ నిండా ఉన్నాయి. ముంచి ఇచ్చాను.